మడకర్ర కొలిచిన గది

అందరికీ నమస్కారం. కెన్యా తీరాన లాము అనే చిన్న ద్వీపం ఉంది. ఏడు వందల ఏళ్లకు పైగా జనం వదలకుండా కాపురముంటున్న ఊరు. అక్కడి పాతబస్తీని 2001లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. సందులు ఎంత ఇరుకంటే, బరువు మోస్తూ గాడిద ఎదురొస్తే మనమే గోడకు ఒత్తుకుని దారివ్వాలి. వెళ్లినవాళ్లంతా నగిషీ తలుపుల ఫొటోలు తెచ్చుకుంటారు. అందమైనవే, కాదనను. నేను మాత్రం మిమ్మల్ని తలెత్తి పైకప్పు చూడమంటాను.

లాము పాత రాతి ఇళ్లలో గదులు పొడవుగా, సన్నగా ఉంటాయి. వెడల్పు మూడు మీటర్లు దాటడం అరుదు. ఇంటి యజమాని పిసినారి కాదు. దూలాలుగా వేసేది మడకర్రలు, అంటే తీరపు మడ అడవుల చెట్ల కర్రలు. అక్కడి భాష స్వాహిలీలో 'బొరీతి'. నిటారు మడకర్ర ఎంత పొడుగు దొరికితే గది అంత వెడల్పు. ఇదే కర్ర తెరచాప ఓడలెక్కి అరేబియాకూ, పర్షియన్ గల్ఫ్‌కూ వెళ్లేది. కలప కరువైన ఆ రేవుల్లోనూ పాత ఇళ్ల గదులు ఇదే కొలతకు కట్టారు. ఆఫ్రికా చెట్టు గల్ఫ్ గదిని కొలిచిందన్నమాట! 1982లో కెన్యా మడకర్ర ఎగుమతిని నిషేధించింది.

గోడలు పగడపు రాయి. సముద్రంలోంచి తీసే మెత్తరకాన్ని పచ్చిగా ఉండగానే చెక్కుతారు, ఆరాక గట్టిపడుతుంది. ఆ పగడాన్నే కాల్చి సున్నం చేస్తారు. రాయీ గారా ఒక తల్లి బిడ్డలే.

వీధి గుమ్మం దగ్గర కూర్చునే చోటు 'దాకా', మన అరుగు లాంటిది. పేరు వినగానే నాకు నవ్వొచ్చింది. పరాయివాడికి చాలాసార్లు ప్రవేశం అక్కడిదాకానే. ఆడవాళ్ల చాటు కోసం లోపలి భాగం వీధికి కనబడకుండా కడతారు. బాగా లోపలి గదిలో గోడనిండా సున్నంతో మలిచిన గూళ్ల వరసలు. కలిగినవాళ్లు వాటిలో చైనా పింగాణీ పెట్టేవాళ్లు.

ఇప్పుడు మరమ్మతుకు సిమెంటు పూస్తే పని తేలిక. కానీ పగడపు గోడలో ఉప్పు, చెమ్మ ఉంటాయి. సున్నపు పూత చెమ్మను బయటికి పోనిస్తుంది. సిమెంటు దాన్ని లోపలే బిగించేస్తుంది, కొన్నాళ్లకు పూత ఉబ్బి, పెచ్చులూడుతుంది.

ఆ లైట్లు కాస్త ఆర్పండి, బొమ్మలు చూద్దాం. మొదటిది ఒక గది. దూలాలు లెక్కపెట్టండి. తలుపులు తర్వాత చూపిస్తాను.