నెపం లావు మీదికి నెట్టకండి

సభకు నమస్కారం. ఊబకాయం ఉన్నవారికి ఏ బీపీ మందు మేలో పోల్చి చెప్పమని నిర్వాహకులు నన్ను అడిగారు. వేదిక మీది పెద్దలను పేరుపేరునా పలకరించడం మర్యాదే గాని, సమయం తక్కువ, చెప్పాల్సింది ఎక్కువ. మన్నించండి, నేరుగా విషయంలోకి వస్తాను.

నా దగ్గరకు ఒకావిడ వచ్చారు. భారీ మనిషి. సంచి నిండా పాత మందుల చీటీలు. ఏళ్ల తరబడి అటెనొలాల్ వాడుతున్నారు. చీటీ చీటీకీ బరువు కొంచెం పెరుగుతోంది, ప్రతి చీటీ అడుగునా ఒకటే మాట: బరువు తగ్గాలి. తర్వాత ఆమ్లోడిపిన్ చేర్చారు. చీలమండలు వాచాయి. వేలితో నొక్కితే గుంట పడుతోంది, చెప్పుల పట్టీలు ఒరుసుకుని ఎర్రటి చారలు తేలాయి. ఈ వాపు ఏమిటని అడిగితే "లావు వల్లే, నడవండి" అన్నారట. "నాలుగడుగులు వేస్తే నీరసం వస్తోంది. నేను దొంగచాటుగా తింటున్నట్టు చూస్తారు డాక్టరుగారూ" అంటూ కళ్లనీళ్లు పెట్టుకున్నారు.

ఆవిడ చెప్పినదాంట్లో అబద్ధం లేదు. అటెనొలాల్, మెటోప్రొలాల్ వంటి పాత బీటా బ్లాకర్లు గుండె వేగాన్ని తగ్గిస్తాయి, శ్రమ చేసేటప్పుడు త్వరగా అలసట తెప్పిస్తాయి, ఒంట్లో శక్తి ఖర్చును కొద్దిగా తగ్గిస్తాయి. సగటున ఒక కిలో పైచిలుకు బరువు పెంచుతాయి, షుగర్ వచ్చే అవకాశాన్నీ పెంచుతాయి. 2002లో వెలువడిన లైఫ్ అధ్యయనంలో తొమ్మిది వేల మందికి పైగా పాల్గొన్నారు. సగం మందికి లోసార్టాన్ అనే మరో బీపీ మందు, సగం మందికి అటెనొలాల్ ఇచ్చారు. బీపీ ఇద్దరికీ దాదాపు ఒకేలా తగ్గింది. కానీ లోసార్టాన్ వాడినవారిలో పక్షవాతం నాలుగో వంతు తక్కువ, కొత్తగా షుగర్ రావడమూ నాలుగో వంతు తక్కువ. ఇంత తెలిసిన తర్వాత కూడా, వేరే గుండె జబ్బేదీ లేని భారీ మనిషికి మొదటి మందుగా అటెనొలాల్ రాసి, బరువు పెరిగినందుకు ఆ మనిషినే తప్పుపట్టడం న్యాయమేనా? మీరే చెప్పండి.

గుండె బలహీనపడినవారికి, గుండెపోటు వచ్చినవారికి బీటా బ్లాకర్లు కావాలి. అలాంటప్పుడు కూడా కార్వెడిలాల్ బరువు, షుగర్ విషయంలో మెటోప్రొలాల్ కంటే నయం.

మందుల పోలిక ఇంకా ఉంది. కానీ ఒక మాట, ఇది నా కాగితంలో లేదు, అయినా చెప్పకుండా ముందుకు పోలేను. ఆవిడ వచ్చిన రోజు నేను మందులకంటే ముందు టేపు తీసుకుని ఆవిడ చేయి కొలిచాను. అన్నేళ్లలో ఎవరూ కొలవలేదట! బీపీ పరికరం పట్టీ లోపల గాలి నిండే సంచి చేతి చుట్టుకొలతలో కనీసం 80 శాతం చుట్టాలి. లావు చేతికి మామూలు పట్టీ బిగిస్తే అంకె పెరిగి కనిపిస్తుంది. ఎంత పెరుగుతుందో 2023లో అమెరికాలో కొలిచి చూశారు: అతిపెద్ద పట్టీ అవసరమైనవారికి మామూలు పట్టీ కట్టినప్పుడు పై అంకె దాదాపు 20 పాయింట్లు ఎక్కువ చూపింది. ఇరవై! అది కొత్త మాత్ర చేర్చడానికి చాలు. లేని బీపీకి మాత్ర, ఆ మాత్రకు వాపు, ఆ వాపుకు లావు మీద నింద. దయచేసి వినండి, ఇక్కడ కూర్చున్న యువ వైద్యులారా, మీ బల్ల మీద పెద్ద పట్టీ లేకపోతే మీరు రాసే మందును పోల్చడంలో అర్థం లేదు. రోగులారా, పట్టీ బిగుసుకుని ఊడిపోతుంటే సిగ్గుపడకండి, పెద్దది తెమ్మని అడగండి.

సరే, మందులకు వస్తాను. కొవ్వు పెరిగితే బీపీ ఎందుకు పెరుగుతుంది? మూత్రపిండాల మీద ఒత్తిడి పడుతుంది, ఉప్పు ఒంట్లో నిలుస్తుంది, రక్తనాళాలను బిగించే యాంజియోటెన్సిన్‌కు కొవ్వు కణాలే ముడిసరుకును తయారుచేస్తాయి, ఒంట్లో ఉప్పును నిలిపే ఆల్డోస్టిరోన్ హార్మోను పెరుగుతుంది. అందుకే ఆ దారిని అడ్డుకునే రామిప్రిల్, టెల్మిసార్టాన్, లోసార్టాన్ వంటివాటితో మొదలుపెట్టడం సబబు. ఇవి బరువు పెంచవు, షుగర్ పెంచవు. రామిప్రిల్ లాంటి ప్రిల్ మందులతో కొందరికి పొడిదగ్గు వస్తుంది, అప్పుడు లోసార్టాన్ లాంటి సార్టాన్‌కు మారవచ్చు. గర్భిణులు మాత్రం ఈ రెండు రకాలూ వాడకూడదు.

ఆమ్లోడిపిన్ కూడా మంచి మందే. దాని వాపు కొవ్వు కాదు, రక్తనాళాల నుంచి కణజాలంలోకి చేరిన నీరు. మూత్రం ఎక్కువగా పోయేలా చేసే నీటి మాత్ర ఆ వాపును పెద్దగా తీయదు. మోతాదు తగ్గించాలి, లేదా సార్టాన్ జతచేయాలి.

నీటి మాత్రలు, అంటే థయజైడ్లు, షుగర్ కొంచెం పెంచుతాయి, పొటాషియం తగ్గిస్తాయి. అందుకని లావు మనుషులకు వాటిని పూర్తిగా వద్దంటారు కొందరు. నేను ఒప్పుకోను. అకాంప్లిష్ అధ్యయనంలో బెనజెప్రిల్‌కు ఆమ్లోడిపిన్ జతచేసినవారినీ, థయజైడ్ జతచేసినవారినీ పోల్చారు. 2013లో ఆ ఫలితాలను బరువును బట్టి విడదీస్తే, థయజైడ్ జత బాగా వెనకబడింది మామూలు బరువున్నవారిలో. ఊబకాయుల్లో రెండు జతలకూ పెద్ద తేడా కనిపించలేదు. ఒంట్లో ఉప్పూ నీరూ నిలిచే మనిషికి చిన్న మోతాదు నీటి మాత్ర పనికొస్తుంది, రక్తపరీక్షలు చూసుకుంటూ ఉండాలి.

మూడు మందులు వాడినా బీపీ దిగకపోతే, ఆల్డోస్టిరోన్‌ను అడ్డుకునే స్పైరొనొలాక్టోన్ చేరుస్తాం. 2015 నాటి పాత్‌వే-2 పరీక్షలో అదే అన్నిటికంటే బాగా పనిచేసింది. పొటాషియం పెరగకుండా కనిపెట్టి ఉండాలి. ఇలాంటివారిని గురక గురించి కూడా అడగండి, నిద్రలో ఊపిరి ఆగే జబ్బు బీపీని దిగనివ్వదు.

బరువు తగ్గితే బీపీ తగ్గుతుంది, అది నేనూ కాదనను. కిలోకు సుమారు ఒక పాయింటు. కానీ ఆ మాట తిట్టులా వద్దు. సెమాగ్లుటైడ్ వంటి మందులు ఇప్పుడు బరువుతోపాటు బీపీనీ కొంత తగ్గిస్తున్నాయి, అవసరమైనవారికి వాటి గురించి చెప్పడం మన బాధ్యత.

చివరిగా ఒక హెచ్చరిక. నా మాటలు విని ఈ రాత్రి ఎవరూ అటెనొలాల్ మానేయకండి. ఒక్కసారిగా ఆపితే గుండె దడ, ఛాతీనొప్పి, ఒక్కోసారి గుండెపోటు కూడా రావచ్చు. మీ వైద్యుడి దగ్గరకు వెళ్లి, రోజుల తరబడి మెల్లగా తగ్గించుకుంటూ మారాలి. వెళ్లినప్పుడు చేయి కొలవమని ముందుగా అడగండి. ఇక ప్రశ్నలుంటే చెప్పండి, నేను ఇక్కడే ఉంటాను.