ఆలస్యమైతే కానివ్వండి

అందరికీ నమస్కారం.

ఆదివారం సాయంత్రం ఇంటి పనులు పక్కన పెట్టి ఇంతమంది లైబ్రరీకి రావడం చూస్తుంటే నిజంగా సంతోషంగా ఉంది. వెనక నిలబడ్డవాళ్లకి కుర్చీలు తెస్తున్నారు, రెండు నిమిషాలు ఓపిక పట్టండి.

రాబోయే సినిమాల గురించి, సూపర్‌హీరో యానిమేషన్ గురించి ఒక అభిమానిగా నాకు తోచింది మాట్లాడమని లైబ్రేరియన్ గారు అడిగారు. నేను సినిమా రంగంలో లేను. చిన్నప్పటి నుంచి ఈ బొమ్మలు చూస్తూ పెరిగాను, ఇప్పటికీ చూస్తున్నాను. ఏం మాట్లాడాలా అని ఆలోచిస్తుంటే మా మేనల్లుడు వచ్చాడు. ఇదిగో, మొదటి వరుసలోనే కూర్చున్నాడు. "మామయ్యా, స్పైడర్‌వర్స్ మూడో భాగం ఇంకెప్పుడు? 2024 మార్చి అన్నారు. ఇప్పుడు 2027 జూన్ అంటున్నారు. ఇట్లా ఎన్నిసార్లు మారుస్తారు?" అని నన్ను పట్టుకుని నిలదీశాడు.

స్పైడర్‌వర్స్ అంటే స్పైడర్‌మ్యాన్ మీద వస్తున్న యానిమేషన్ సినిమాల వరుస. వాడి బాధ నాకు తెలుసు. 2023 జూన్‌లో రెండో భాగం వాడూ నేనూ కలిసి తెలుగులో చూశాం. చివర్లో ఆ కథలో స్పైడర్‌మ్యాన్ అయిన కుర్రాడు మైల్స్ మొరాలెస్ తనది కాని లోకంలో, తన మొహమే ఉన్న ఇంకొకడి ముందు కట్టేసి ఉంటాడు. కథ అక్కడే ఆగిపోయిందని తెలియగానే హాలంతా 'అయ్యో' అంది. లైట్లు వెలిగినా వాడు సీట్లోంచి లేవలేదు. ఆ 'అయ్యో' ఇంకా వాడి కడుపులోనే ఉంది. అయినా వాడికి చెప్పిన మాటే మీకూ చెప్తున్నాను. ఆలస్యమైతే కానివ్వండి. తొందరపెట్టకండి. ఎందుకంటున్నానో వివరంగా చెప్తాను.

ముందు పాత సంగతి ఒకటి. సూపర్‌మ్యాన్ అనగానే మనకి గుర్తొచ్చేది ఎగరడం. కానీ 1938లో కామిక్ పుస్తకంలో పుట్టినప్పుడు అతను ఎగరలేదు, గెంతేవాడు. ఒక్క గెంతుకి పెద్ద భవనాలు దాటేవాడు, మళ్లీ నేల మీద దిగేవాడు. 1941లో ఫ్లీషర్ సోదరుల స్టూడియో అతని మీద యానిమేషన్ చిత్రాలు మొదలుపెట్టింది. గెంతడం, దిగడం, మళ్లీ గెంతడం బొమ్మల్లో గీసి చూస్తే బాగా రాలేదని, అందుకే ఎగిరేలా చూపిస్తామని కామిక్ కంపెనీని అడిగారని చెబుతారు. ఇవాళ ఏ పిల్లవాడైనా మెడకి తువ్వాలు కట్టుకుని చేతులు ముందుకు చాచాడంటే, ఆ భంగిమ జనంలోకి అంతగా వెళ్లడంలో ఆ యానిమేటర్ల చెయ్యి ఉంది. అసలు ఫ్లీషర్లకి ఆ పని ఒప్పుకోవడం ఇష్టం లేదు. మనుషుల్ని మనుషుల్లా గీయాలంటే డబ్బూ టైమూ విపరీతంగా అవుతాయని వాళ్లకి తెలుసు. వద్దనుకుని కావాలనే పెద్ద అంకె చెప్పారు. వాళ్ల చిత్రాల్ని విడుదల చేసే పారమౌంట్ కంపెనీ బేరమాడి మొదటి చిత్రానికి 50,000 డాలర్లు ఇచ్చింది. పది నిమిషాల బొమ్మకి అప్పట్లో అది చాలా ఎక్కువ. ఆ డబ్బుతో వాళ్లు కొనుక్కున్నది టైమే. ఎనభై ఏళ్లు దాటినా ఆ చిత్రాల్లో నీడలు, వెలుగులు చూస్తుంటే కళ్లు తిప్పుకోలేం.

ఇక నా చిన్నతనం. మా వీధిలో కేబుల్ వచ్చాక కార్టూన్ ఛానల్ పగలంతా నడిచేది. రాత్రయ్యేసరికి బొమ్మలు ఆగిపోయి అదే ఛానల్లో పాత ఇంగ్లీషు సినిమాలు మొదలయ్యేవి. ఆ లోపల ఏది దొరికితే అది చూసేవాళ్లం. అలా దొరికిందే బ్యాట్‌మ్యాన్ యానిమేటెడ్ సిరీస్. 1992లో అమెరికాలో మొదలైన సిరీస్ అది. నాకు ఇంగ్లీషు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. కానీ బ్యాట్‌మ్యాన్ ఉండే ఊరి ఆకాశం మిగతా కార్టూన్ల ఆకాశంలా ఉండేది కాదు. ఎందుకో చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. అందరూ తెల్ల కాగితం మీద రంగులు వేస్తుంటే, ఆ సిరీస్ సృష్టికర్తల్లో ఒకడైన ఎరిక్ రాడొమ్‌స్కీ దాని బ్యాక్‌గ్రౌండ్లు నల్ల కాగితం మీద వేయించాడు. చీకటి ముందే ఉంది. వెలుగు ఎక్కడ కావాలో అక్కడే రంగు పడింది. ఒక కిటికీ, ఒక వీధి దీపం, ఒక భుజం. మిగతాదంతా కాగితమే.

అందులో 'హార్ట్ ఆఫ్ ఐస్' అనే ఎపిసోడ్ ఒకటుంది. పాల్ డీని రాశాడు, బ్రూస్ టిమ్ డైరెక్ట్ చేశాడు. మిస్టర్ ఫ్రీజ్ అనే విలన్‌ని అంతకుముందు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. చేతిలో ఒక మంచు తుపాకీ, అంతే అతను. డీని అతనికి జబ్బుపడ్డ భార్యని ఇచ్చాడు. ఆమెను బతికించుకోవడానికి మంచులో భద్రపరిచిన భర్తగా మార్చాడు. ఆఖరి సీన్‌లో అతను జైలు గదిలో ఒక్కడే ఉంటాడు. చేతిలో చిన్న గాజు బుడ్డి, అందులో నాట్యం చేసే అమ్మాయి బొమ్మ, చుట్టూ రాలుతున్న మంచు. ఇంగ్లీషు రాని పన్నెండేళ్ల పిల్లవాణ్ణి నేను. అయినా అతను ఎవరినో పోగొట్టుకున్నాడని నాకు తెలిసిపోయింది. ఆ ఎపిసోడ్ రచనకి ఎమ్మీ అవార్డు వచ్చిందని తర్వాత చదివాను. ఆ రాత్రి మాత్రం నేను అన్నం సరిగా తినలేదని మా అమ్మ ఇప్పటికీ చెప్తుంది.

అందులో బ్యాట్‌మ్యాన్‌కి గొంతు ఇచ్చినాయన కెవిన్ కాన్రాయ్. బ్రూస్ వేన్‌కి ఒక గొంతు, ముసుగు వేసుకున్నాక ఇంకో గొంతు. జోకర్‌గా మార్క్ హామిల్. వాయిస్ డైరెక్టర్ ఆండ్రియా రొమానో వీలైనంతవరకు నటులందర్నీ ఒకే గదిలో కూర్చోబెట్టి రికార్డు చేయించేది. ఒకరి నవ్వుకి ఇంకొకరి కోపం అక్కడికక్కడే పుట్టేది. 2022 నవంబరులో కాన్రాయ్ పోయారని వార్త చూసినప్పుడు మా ఇంటి మనిషి పోయినట్టే అనిపించింది. గొంతు విలువ మన తెలుగువాళ్లకి ఒకరు చెప్పనక్కర్లేదు. రాజశేఖర్ గారి సినిమాల్లో సాయికుమార్ గారి గొంతు తీసేసి ఊహించుకోండి. 'అరుంధతి'లో సోనూ సూద్‌కి రవిశంకర్ గారి గొంతు లేకపోతే ఆ పశుపతి అంత భయపెట్టేవాడా? ఈ మాట ఎందుకు తెచ్చానంటే, డబ్బింగ్ గురించి నాకొక కోరిక ఉంది, దాని దగ్గరికి మళ్లీ వస్తాను.

ఇప్పుడు మా మేనల్లుడి ప్రశ్న. స్పైడర్‌వర్స్ మొదటి భాగం 2018 చివర్లో వచ్చింది, ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ గెలిచింది. సినిమాలో సెకనుకి 24 ఫ్రేములు, అంటే తెర మీద వరసగా మారే 24 నిశ్చల చిత్రాలు. ఆ సినిమాలో మైల్స్‌ని చాలాచోట్ల సెకనుకి పన్నెండు బొమ్మలతోనే కదిలించారు. అంటే ఒక్కో బొమ్మ రెండు ఫ్రేములు ఉంటుంది. అనుభవం ఉన్న పెద్ద స్పైడర్‌మ్యాన్ పీటర్ పార్కర్‌కి మాత్రం ఇరవై నాలుగూ ఇచ్చారు. అడవిలో ఇద్దరూ చెట్ల మధ్య ఊగుతూ పారిపోయే సీన్ చూడండి. ఒకే తెర మీద ఒకడు నీళ్లలా సాగిపోతాడు, ఇంకొకడు తడబడుతుంటాడు. "నాకింకా చేతకావడం లేదు" అని కుర్రాడు నోటితో చెప్పనక్కర్లేదు, వాడి కదలికే చెప్పింది. ఇలాంటివి గీయడానికి ఎంత పట్టిందో తెలుసా? మామూలుగా ఒక యానిమేటర్ వారానికి నాలుగు సెకన్ల పని ఇస్తే, ఇక్కడ వారానికి ఒక్క సెకను అయ్యేదట.

రెండో భాగం 140 నిమిషాలు. లెక్క కట్టండి, రెండు లక్షల పైచిలుకు ఫ్రేములు. దాదాపు వెయ్యిమంది ఆర్టిస్టులు పని చేశారు. అందులో పవిత్ర్ ప్రభాకర్ అని మన దేశపు స్పైడర్‌మ్యాన్ వస్తే హాల్లో పిల్లలు కుర్చీలెక్కి అరిచారు. కానీ విడుదలైన నెలలోనే ఆ ఆర్టిస్టుల్లో కొందరు పేర్లు చెప్పకుండా ఒక పత్రికతో మాట్లాడారు. ఏడాదికి పైగా రోజుకి పదకొండు గంటలు దాటి, వారానికి ఏడు రోజులూ పని చేశామని, సుమారు వందమంది మధ్యలోనే వెళ్లిపోయారని, అయిపోయిన సీన్లే మళ్లీ మళ్లీ మార్పించారని చెప్పారు. నిర్మాతలు తమ వాదన తాము చెప్పారు. నేను మాత్రం ఆ రాత్రి నిద్రపోలేకపోయాను. మేం చప్పట్లు కొట్టిన ప్రతి ఫ్రేము వెనక ఎవరో ఇంటికి వెళ్లకుండా కూర్చున్నారు. ఆ తర్వాత కొద్ది వారాలకే మూడో భాగం తేదీ ఎత్తేశారు. అందరూ తిట్టుకున్నారు. నాకు మాత్రం ఊపిరి పీల్చుకున్నట్టయింది.

ఈ పని నేను దగ్గర నుంచి చూశాను కాబట్టి ఇంతగా చెప్తున్నాను. మా పిన్ని కొడుకు హైదరాబాద్‌లో ఒక స్టూడియోలో యానిమేటర్. మన పిల్లలు చూసే ఛోటా భీమ్ 2008 నుంచి హైదరాబాద్‌లోనే తయారవుతోందని ఇక్కడ ఎంతమందికి తెలుసు? సరే, మావాడి సంగతి. ఒకసారి వాడి గదికి వెళ్తే, ఫోను కిటికీలో పెట్టి వీడియో తీసుకుంటూ బియ్యం బస్తా ఎత్తుతున్నాడు. దించుతున్నాడు, మళ్లీ ఎత్తుతున్నాడు. "ఏంట్రా ఇది?" అన్నాను. "ముసలావిడ మనవణ్ణి ఎత్తుకునే షాట్ అన్నయ్యా. బరువు కనిపించడం లేదు" అన్నాడు. తర్వాత ఆ వీడియో ఒక్కో ఫ్రేము ఆపి చూపించాడు. చేతులు బస్తాని తాకకముందే మోకాళ్లు వంగుతాయి. ఎత్తే ముందు గడ్డం కొంచెం లోపలికి వెళ్తుంది. బస్తా నేల వదిలిన క్షణంలో ఒక భుజం రెండోదానికంటే ముందు లేస్తుంది. "ఈ భుజం ఒక్కటి కుదిరితే మిగతాదంతా కుదురుతుంది" అన్నాడు. నాలుగు సెకన్ల షాట్‌కి తొమ్మిది రోజులు పట్టింది. ఎపిసోడ్ టీవీలో వచ్చినప్పుడు మా పిన్ని ఆ నాలుగు సెకన్లూ రెప్ప వెయ్యకుండా చూసి, "అచ్చం మా అత్తగారే" అంది. ఆ షాట్‌కి తొమ్మిది రోజులు ఇచ్చారు కాబట్టే అది వచ్చింది. వాడు అంతకుముందు పని చేసిన చోట తేదీ ముందుకి జరిపి మూడు రోజుల్లో ఇమ్మనేవాళ్లు. అక్కడ చేసిన పని మాత్రం ఇంతవరకు మాకెవరికీ చూపించలేదు.

రాబోయే సినిమాల్ని కూడా నేను ఈ కళ్లతోనే చూస్తాను. 'అవెంజర్స్: డూమ్స్‌డే' 2026 మే నుంచి డిసెంబరు 18కి జరిగింది. మంచిదే అంటాను. ఐరన్‌మ్యాన్‌గా మనం ప్రేమించిన రాబర్ట్ డౌనీ జూనియర్ ఇందులో డాక్టర్ డూమ్ అనే విలన్. పాత హీరోలు ఎంతమంది వస్తారన్న లెక్క నాకు ముఖ్యం కాదు. మిస్టర్ ఫ్రీజ్ చేతిలోని ఆ గాజు బుడ్డి లాంటి సీన్ డూమ్‌కి ఒక్కటి పడితే చాలు. విడుదల తేదీగా 2026 జూలై 31 ప్రకటించిన 'స్పైడర్‌మ్యాన్: బ్రాండ్ న్యూ డే' మీద నాకు ఇంకా ఎక్కువ ఆశ ఉంది. క్రితం సినిమా చివర్లో లోకమంతా పీటర్‌ని మర్చిపోయింది, ఒంటరిగా ఉన్నాడు. ఆ ఒంటరితనాన్ని వదిలేసి హడావిడిలోకి వెళ్లకపోతే గొప్ప సినిమా అవుతుంది. మాట్ రీవ్స్ రెండో బ్యాట్‌మ్యాన్ 2025 నుంచి 2027 అక్టోబరుకి వెళ్లింది. మొదటిదాంట్లో ఆయన ఊరిని ఎంత శ్రద్ధగా కట్టాడో చూశాను కాబట్టి, నాకు ఏ టెన్షనూ లేదు.

మన దగ్గరికి వద్దాం. 2025 జూలైలో అశ్విన్ కుమార్ 'మహావతార్ నరసింహ' వచ్చినప్పుడు మా నాన్నమ్మని తీసుకెళ్లాను. యానిమేషన్ అంటే పిల్లల బొమ్మలు అనుకునే మనిషి, స్తంభం చీలిన చోట రెండు చేతులూ జోడించి అలాగే ఉండిపోయింది. కొన్ని షాట్లలో మొహాలు ఇంకా బిగుసుకున్నట్టే ఉన్నాయి, అది నేను దాచను. కానీ ఆఖరి అరగంటలో ఉన్న ఆవేశం నిజమైనది. ఆ వరుసలో పరశురాముడితో మొదలుపెట్టి కల్కి రెండో భాగం వరకు, రెండేళ్లకొకటి చొప్పున 2037 దాకా సినిమాలు ప్రకటించారు. నాకు భయం ఉన్నది ఆ రెండేళ్ల దగ్గరే. పరశురాముడికి మూడేళ్లు కావాలంటే మూడేళ్లు తీసుకోవాలి. మనం గోల చెయ్యకూడదు.

'బాహుబలి: ది ఎటర్నల్ వార్' టీజర్ ఇక్కడ చాలామంది చూసే ఉంటారు. రాజమౌళి గారు సమర్పిస్తున్నారు, ఇషాన్ శుక్లా డైరెక్టర్, 2027 అన్నారు. చనిపోయిన బాహుబలి స్వర్గానికి వెళ్లాక జరిగే కథ. కెమెరాకి అందని చోటు అది, బొమ్మకే అందుతుంది. ఆ టీజర్‌లో నాకు నచ్చింది, ప్రభాస్‌ని అచ్చు గుద్దినట్టు గీయాలని చూడకపోవడం. వాళ్లకంటూ ఒక గీత ఉంది. ఆ గీత సినిమా అంతా నిలబడాలి. దానికి 2028 అయితే 2028.

డబ్బింగ్ కోరిక అన్నాను కదా. 'ముఫాసా'కి మహేష్ బాబు గారు తెలుగులో గొంతు ఇస్తే జనం ప్రేమగా చూశారు, నేనూ చూశాను. స్పైడర్‌వర్స్ మూడో భాగానికి మాత్రం మైల్స్‌కి పదిహేనేళ్ల గొంతున్న డబ్బింగ్ ఆర్టిస్టు కావాలి. పేరున్న గొంతు కాకపోయినా ఫర్వాలేదు. నటులందర్నీ ఒక్క గదిలో కూర్చోబెట్టి, ఒకరి మాట ఒకరు వింటూ చెప్పేంత టైమ్ వాళ్లకివ్వాలి. అడ్డదిడ్డంగా అనువాదం చేసి, పెదాలకి సరిపోవాలని మాటలు కుక్కితే అన్ని లక్షల ఫ్రేముల కష్టం మన పిల్లలకి సగమే చేరుతుంది.

సరే, ఇప్పుడు ఒక చిన్న ముక్క చూద్దాం. మొదటి భాగంలో మైల్స్ భవనం మీంచి మొదటిసారి దూకే సీన్ ఈ ల్యాప్‌టాప్‌లో పెట్టాను. ముందు మామూలు స్పీడులో, తర్వాత ఒక్కో ఫ్రేము ఆపుతూ చూపిస్తాను. దూకేటప్పుడు వాడి వేళ్లు చూడండి. భయంతో అద్దానికి అంటుకుపోయి ఉంటాయి. దూకగానే అద్దం పగిలి, ముక్కలు వేళ్లతోపాటు వస్తాయి. భయం పోలేదు, అయినా దూకాడు. ఆ తర్వాత కెమెరా తలకిందులవుతుంది, కింద పడుతున్నవాడు మనకి పైకి లేస్తున్నట్టు కనిపిస్తాడు. వెనకున్నవాళ్లు కూడా ముందుకి రండి, పిల్లల్ని కింద చాప మీద కూర్చోబెట్టండి. తమ్ముడూ, ఆ లైట్లు తీసేయమ్మా.