మకాలు కన్నా ముందున్న ఆనముడి

శ్రోతలకు నమస్కారం.

ప్రపంచంలో ఎత్తైన శిఖరాలు వరుసగా చెప్పమంటే స్కూలు పిల్లలు గబగబా అప్పజెప్పేస్తారు. ఎవరెస్ట్, కే2, కాంచన్‌జంగ, లోత్సే, మకాలు. ఐదో స్థానంలో ఉన్న మకాలు ఎత్తు 8,485 మీటర్లు. అయితే శిఖరాలకు ఇంకో వరుస కూడా ఉంది. అందులో మకాలు కంటే ముందు మన కేరళలోని ఆనముడి వస్తుంది. ఆనముడి ఎత్తు 2,695 మీటర్లు. మకాలులో మూడో వంతు కూడా లేదు. అయినా ముందుంది. మొదటిసారి ఈ సంగతి చదివినప్పుడు అచ్చుతప్పేమో అనిపించింది. లెక్క చూస్తే నిజమే. ఇవాళ ఆ లెక్క ఏమిటో, దాని ప్రకారం భారత ఉపఖండంలో ఏ కొండ ఎక్కడ నిలుస్తుందో చెబుతాను.

మనం మామూలుగా చెప్పే ఎత్తు సముద్రమట్టం నుంచి కొలిచింది. ఈ రెండో కొలతను ప్రామినెన్స్ అంటారు. మీరు ఒక శిఖరం మీద ఉన్నారనుకోండి. అక్కడి నుంచి అంతకంటే ఎత్తైన ఇంకో శిఖరానికి నడిచి వెళ్లాలి. ఎలా వెళ్లినా ముందు కొంత దిగక తప్పదు. దారి ఎంత చుట్టు అయినా ఫర్వాలేదు, వీలైనంత తక్కువ దిగాలి, అంతే. అలాంటి దారిలో అన్నిటికన్నా పల్లంగా ఉండే చోటును కనుమ అనుకుందాం. శిఖరం నుంచి ఆ కనుమ దాకా ఎన్ని మీటర్లు దిగాలో అదే ఆ శిఖరం ప్రామినెన్స్.

లోత్సే సంగతి చూడండి. 8,516 మీటర్లతో ప్రపంచంలో నాలుగో ఎత్తైన శిఖరం. కానీ దానికీ ఎవరెస్ట్‌కీ మధ్య ఉన్న సౌత్ కోల్ అనే కనుమ ఎత్తే సుమారు 7,900 మీటర్లు. అంటే లోత్సే మీద నుంచి 610 మీటర్లు దిగితే చాలు, మళ్లీ ఎవరెస్ట్ ఎక్కడం మొదలుపెట్టొచ్చు. తీర్థంలో నాన్న భుజాలెక్కి రథం చూసే పిల్లాడి ఎత్తు లాంటిది లోత్సే ఎత్తు. ఎత్తున ఉన్న మాట నిజమే, కానీ అందులో సొంతది కొంతే.

రేడియోలో మ్యాపు చూపించే వీలు లేదు కాబట్టి ఒక ఊహ చేద్దాం. సముద్రం మెల్లమెల్లగా పైకి వస్తోంది అనుకోండి. ఒక్కో కనుమ మునిగినప్పుడల్లా ఒక్కో కొండ విడిపోయి దీవి అవుతుంది. అలా దీవిగా మారిన క్షణంలో ఆ దీవిలో అన్నిటికన్నా ఎత్తైన శిఖరం నీళ్ల మీదికి ఎంత కనిపిస్తుందో అదే దాని ప్రామినెన్స్.

నీళ్లు పెరగకముందే దీవిగా ఉన్నది శ్రీలంక. అక్కడి పిదురుతలాగల ఎత్తు 2,524 మీటర్లు. చుట్టూ సముద్రమే కాబట్టి ఆ ఎత్తంతా దాని సొంతమే. ఆనముడి దానికంటే 171 మీటర్లు ఎత్తు. అయినా ఈ వరుసలో పిదురుతలాగల ఒక మెట్టు పైనే ఉంది.

ఇప్పుడు సముద్రం 216 మీటర్ల దాకా వచ్చిందనుకోండి. విజయవాడ, రాజమండ్రి ఎప్పుడో మునిగిపోయాయి. హైదరాబాద్ 500 మీటర్లకు పైన ఉంది కాబట్టి ఇంకా పొడిగానే ఉంది. గంగా మైదానం, సింధు మైదానం చాలావరకు నీళ్లే. ఆ రెండు నదుల పరీవాహకాలకు మధ్య, యమునకు పడమటి వైపున, సన్నని నేల ఒక్కటే దక్షిణాపథాన్ని హిమాలయాలతో కలుపుతూ మిగిలి ఉంది. అక్కడ నిలబడితే కనుమ మీద ఉన్నామని ఎవరికీ తోచదు. అంతా గోధుమ చేలు, కాలువలు, హైవేలు. అది కూడా మునిగిన క్షణాన దక్షిణ భారతమంతా ఒక పెద్ద దీవి అయిపోతుంది. ఆ దీవికి శిఖరం ఆనముడి. 2,695లో 216 తీసేస్తే 2,479. అదీ ఆనముడి ప్రామినెన్స్. మకాలుది 2,378. ప్రపంచంలో ఆరో ఎత్తైన శిఖరం చో ఓయుది 2,340. రెండూ ఆనముడి తరువాతే.

మున్నార్ వెళ్లినవాళ్లు మనలో చాలామంది ఉంటారు. టీ తోటలు, ఫొటోలు అయ్యాక ఇరవికుళం నేషనల్ పార్కుకు కూడా వెళ్లే ఉంటారు. 1978లో నేషనల్ పార్కుగా ప్రకటించిన ఆ అడవిలోనే ఆనముడి ఉంది. సందర్శకుల బస్సులు రాజమల దాకే వెళ్తాయి. అక్కడి నుంచి పైకి చూస్తే గుండ్రటి నల్లరాతి కొండ, దాని ఒంటి మీద గడ్డి, చాలాసార్లు మంచు కమ్ముకుని సగమే కనిపిస్తుంది. రోడ్డు పక్కనే నీలగిరి వరయాడులు, అంటే ఆ కొండల్లో ఉండే అడవి మేకలు, మనుషులను పట్టించుకోకుండా మేస్తుంటాయి. అవి పిల్లల్ని పెట్టే రోజుల్లో, మామూలుగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో, పార్కు మూసేస్తారు. పన్నెండేళ్లకోసారి పూసే నీలకురింజి 2018లో ఈ వాలుల మీదే పూసింది. ఇంత ఉన్న చోటును ‘మున్నార్‌లో ఒక వ్యూ పాయింట్’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తే నాకు మనసొప్పదు. దక్షిణ భారతంలో దీనికి సాటి వచ్చే కొండ మరొకటి లేదు.

సముద్రం ఇంకా పెరిగి 380 మీటర్లకు వచ్చింది. ఇక్కడ కాసేపు ఆగుదాం. ఎందుకంటే ఇప్పుడు మునగబోయే కనుమ మీదుగా మనవాళ్లు లక్షల్లో ప్రయాణించి ఉంటారు. అది పాలక్కాడ్ కనుమ.

పడమటి కనుమలు తపతి దగ్గర మొదలై కన్యాకుమారి దాకా గోడ కట్టినట్టు సాగుతాయి. ఆ గోడకు పెద్ద గండి ఒక్కటే, పాలక్కాడ్ దగ్గర. వెడల్పు సుమారు 30 కిలోమీటర్లు. అయ్యప్ప మాల వేసుకుని శబరి ఎక్స్‌ప్రెస్‌లో వెళ్లే స్వాములందరూ ఈ గండిలోంచే కేరళలో అడుగుపెడతారు. ఈసారి వెళ్లేటప్పుడు కోయంబత్తూరు దాటాక కిటికీ దగ్గర కూర్చోండి. రెండు వైపులా దూరంగా కొండలు కనిపిస్తాయి, రైలు మాత్రం ఘాట్ ఎక్కుతున్నట్టే ఉండదు, సొరంగాలు రావు. వాళయార్ వచ్చేసరికి తమిళనాడు అయిపోయి కేరళ మొదలైపోతుంది. నైరుతి రుతుపవనాల కాలంలో అరేబియా సముద్రం మీది గాలి ఈ గండిలోంచి విసురుగా తోసుకొస్తుంది. కోయంబత్తూరు, ఉడుమలపేట వైపు వరుసలు కట్టి ఉన్న గాలిమరలు ఆ గాలిని నమ్ముకుని పెట్టినవే. ఇక్కడి నేల ఎంత మెల్లగా ఎక్కి దిగుతుందంటే, పడమట పడిన వాన భారతప్పుళలో కలిసి అరేబియా సముద్రానికి పోతుంది, కాస్త తూర్పున పడిన వాన నొయ్యల్‌లోకి, అక్కడి నుంచి కావేరిలోకి చేరి బంగాళాఖాతం దారి పడుతుంది. మధ్యలో గట్టు ఎక్కడుందో కంటికి తెలియదు.

ఈ గండి మునిగితే ఉత్తరాన నీలగిరులు, దక్షిణాన ఆనముడి వేర్వేరు దీవులవుతాయి. నీలగిరుల్లో అన్నిటికన్నా ఎత్తైనది ఊటీ పక్కనున్న దొడ్డబెట్ట, 2,637 మీటర్లు. 381 తీసేస్తే దాని ప్రామినెన్స్ 2,256. పాకిస్తాన్, చైనా సరిహద్దులో 8,080 మీటర్ల ఎత్తున్న గాషర్‌బ్రుమ్ 1కి ఇది 2,155 మాత్రమే. ఊటీలో కారు దిగి, టికెట్ కొని, మొక్కజొన్న కంకి తింటూ మనం ఎక్కేసే కొండ దొడ్డబెట్ట. ప్రామినెన్స్ 1,500 మీటర్లు దాటిన శిఖరాలను ‘అల్ట్రా’ అంటారు. ప్రపంచం మొత్తం మీద అలాంటివి దాదాపు 1,500 ఉన్నాయి. దక్షిణ భారతంలో ఉన్నవి ఈ రెండే.

ఇక నీళ్లను బాగా పైకి, 3,500 మీటర్ల పైకి తీసుకెళ్దాం. ఆనముడి, దొడ్డబెట్ట రెండూ మునిగిపోయాయి. ఇప్పుడు నీళ్లు శ్రీనగర్ నుంచి లేహ్ వెళ్లే దారిలోని జోజిలా కనుమను తాకుతున్నాయి. 1948 నవంబరులో జనరల్ తిమ్మయ్య సైన్యం మంచులో ట్యాంకులు ఎక్కించిన జోజిలా అదే. దాని కింద ఇప్పుడు సొరంగం తవ్వే పనిని చేపట్టింది మన హైదరాబాద్ కంపెనీ. ఆ కనుమ మునిగితే విడిపోయే శిఖరం నంగా పర్బత్. ఎత్తు 8,126 మీటర్లు, ప్రామినెన్స్ 4,608. ఉపఖండంలో ఎవరెస్ట్‌ను పక్కన పెడితే ఇదే మొదటిది. ఎత్తులో తొమ్మిదో స్థానంలో ఉన్న కొండ ఇక్కడ కే2ను, కాంచన్‌జంగను దాటేసింది.

నంగా పర్బత్ చుట్టుపక్కల దానికి సాటి వచ్చే శిఖరమే లేదు. దాని పాదాల దగ్గర సింధు నది 1,200 మీటర్ల ఎత్తులోపు పారుతుంది. అక్కడి నుంచి పాతిక కిలోమీటర్ల దూరంలోనే శిఖరం. అంత తక్కువ దూరంలో దాదాపు 7,000 మీటర్లు లేస్తుంది. దక్షిణాన ఉన్న రూపాల్ ముఖం ఒక్కటే 4,600 మీటర్ల గోడ. ఈ కొండ మీద వరసగా ఎన్నో దళాలు ప్రాణాలు పోగొట్టుకున్నాక, 1953 జులై 3న ఆస్ట్రియాకు చెందిన హెర్మన్ బూల్ ఆక్సిజన్ లేకుండా ఒంటరిగా శిఖరం చేరాడు. దిగేటప్పుడు చీకటి పడిపోయింది. కూర్చునే చోటు కూడా లేని రాతి అంచు మీద రాత్రంతా నిలబడే గడిపి, మర్నాడు దిగి బతికి బయటపడ్డాడు.

ఈ కొండ ఇంతగా ఎలా లేచింది? భూగర్భ శాస్త్రవేత్తల్లో చాలామంది చెప్పేది నన్ను బాగా ఆకట్టుకుంది. హిమాలయాలకు పడమటి చివర నంగా పర్బత్, తూర్పు చివర టిబెట్‌లో నామ్చా బార్వా. మొదటిదాన్ని చుట్టుకుని సింధు నది, రెండోదాన్ని చుట్టుకుని బ్రహ్మపుత్ర దక్షిణానికి మళ్లుతాయి. ఆ మలుపుల దగ్గర నదులు భయంకరమైన వేగంతో నేలను కోసి మట్టిని, రాయిని మోసుకుపోతాయి. పైన బరువు తగ్గేకొద్దీ లోపలి వేడి రాయి పైకి ఉబికి వస్తుంది. నంగా పర్బత్‌లో పదిలక్షల ఏళ్ల వయసే ఉన్న గ్రానైట్ కూడా దొరికింది. కొండల లెక్కలో అది నిన్నా మొన్నా పుట్టినట్టు. అంటే కొండను అరగదీస్తున్న నదే కొండ లేవడానికీ కారణమవుతోంది. నామ్చా బార్వా ఎత్తు 7,782 మీటర్లే. ప్రామినెన్స్ మాత్రం 4,106. అదీ కే2 కన్నా ఎక్కువే.

కే2 ప్రామినెన్స్ 4,020. దాని కనుమ ఎక్కడో తెలుసా? కే2 ఉన్న కారాకోరం కొండల్లో కాదు. వందల కిలోమీటర్ల అవతల, నేపాల్‌లోని ముస్తాంగ్‌కూ టిబెట్‌కూ మధ్య ఉన్న కోరా లా, సుమారు 4,590 మీటర్ల ఎత్తున. కే2 నుంచి ఎవరెస్ట్‌కు అంతకన్నా తక్కువ దిగి వెళ్లే దారి లేదు. కాంచన్‌జంగ దీని వెంటే ఉంది, 3,922తో. నందాదేవిది 3,139. భూటాన్‌లోని గంఖర్ పుయెన్సుమ్‌ది దాదాపు 3,000, దాని మీద ఇంతవరకూ ఎవరూ కాలు పెట్టలేదు. 2003 నుంచి భూటాన్ పర్వతారోహణనే పూర్తిగా ఆపేసింది.

ఎవరెస్ట్ సంగతి వేరు. దానికంటే ఎత్తైనది లేదు కాబట్టి దాని ఎత్తంతా ప్రామినెన్సే. ఎవరి పేరు ఆ శిఖరానికి పెట్టారో ఆ సర్వేయర్ జార్జ్ ఎవరెస్ట్‌కు మన ప్రాంతంతో సంబంధం ఉంది. భారతదేశాన్ని కొలవడానికి 1802లో మద్రాసులో మొదలైన మహా సర్వేను నడిపిన లాంబ్టన్ దగ్గర 1818లో హైదరాబాద్‌లో చేరాడు. మరుసటి ఏడాది కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లో కొలతలు తీస్తుండగా విషజ్వరం పట్టుకుంది. 1820లో కోలుకోవడానికి దక్షిణాఫ్రికా దాకా వెళ్లాల్సి వచ్చింది. ఆ సర్వే చూసింది ప్రధానంగా శిఖరాలను. ప్రామినెన్స్ లెక్కకు కనుమల ఎత్తు కూడా కచ్చితంగా కావాలి. మనుషులు పోని కనుమలను ఎవరు కొలుస్తారు? 2000 ఫిబ్రవరిలో ఎండెవర్ అంతరిక్ష నౌక రాడార్‌తో భూమిలో చాలా భాగం ఎత్తుపల్లాలను కొలిచాక ఆ పని సులువైంది. ఇప్పటికీ ఒక్కో పట్టికలో పది, ఇరవై మీటర్లు తేడా కనిపిస్తే అది కొలతలో తేడాయే, కంగారు పడక్కర్లేదు.

మరి మన తూర్పు కనుమల మాటేమిటి? అల్లూరి జిల్లా మాడుగుల కొండల్లోని అర్మకొండ సుమారు 1,680 మీటర్లు. అది అల్ట్రా కావాలంటే దాని కనుమ 180 మీటర్ల లోపు ఉండాలి. అంత లోతైన గండి ఆ కొండలను మిగతా భారతంతో వేరు చేయలేదు కాబట్టి ఆ గీత దాటలేదు. చిన్నబోవాల్సిన పని లేదు. ఈ లెక్క చిన్న కొండలకూ పనికొస్తుంది. సర్వే ఆఫ్ ఇండియా వెబ్‌సైట్‌లో 1:50,000 స్కేలు మ్యాపులు ఉన్నాయి. మీ ఊరి గుట్ట ఉన్న మ్యాపు దింపుకుని, గుట్ట కొసన రాసిన ఎత్తు చూడండి. తరువాత చుట్టూ ఉన్న కాంటూర్ గీతల వెంట, అంటే ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతల వెంట, వేలు పెట్టి, దానికంటే పెద్ద గుట్ట వైపు పోతూ, మధ్యలో అన్నిటికన్నా పల్లంగా ఉన్న చోటు ఎత్తు పట్టుకోండి. మొదటి అంకెలోంచి రెండోది తీసేయడమే. పిల్లలుంటే వాళ్లను కూడా పక్కన కూర్చోబెట్టుకోండి, ఒక్క సాయంత్రంలో పని అయిపోతుంది. నమస్కారం.