చెక్‌ట్రేలో రొయ్య, కంచం ముందు మనం

అందరికీ నమస్కారం. గ్రంథాలయంలో ఆదివారం డాక్టరు మాట్లాడతారంటే సుగరు గురించో గుండె గురించో అనుకుని వచ్చుంటారు. పేగుల గురించి అనగానే ముందు వరసలో ఇద్దరు నవ్వారు, చూశాను. నవ్వండి, పర్లేదు. అసలు భీమవరం చుట్టుపక్కల వాళ్ళకి పేగుల గురించి చెప్పడమంటే తాతకు దగ్గులు నేర్పడమే.

రొయ్యల చెరువులున్నవాళ్ళు ఒకసారి చెయ్యెత్తండి. చూశారా, సగం సభ! పొద్దున్నే గట్టు మీదకెళ్ళి, మేత పెట్టి నీళ్ళలో దించిన చెక్‌ట్రే పైకి లాగగానే ఏం చూస్తారు? మేత మిగిలిందా అని. ఆ వెంటనే రొయ్యని వెలుగుకి పెట్టి వీపున ఉండే గీత, అంటే దాని పేగు. అది నిండుగా ఉంటే మనసు కుదుటపడుతుంది. తెగితెగి ఉన్నా, తెల్లబడినా ‘వైట్ గట్ వచ్చేసిందండీ’ అని ఆ రాత్రి నిద్రుండదు. మేత తగ్గిస్తారు, నీళ్ళు పరీక్ష చేయిస్తారు, తవుడూ బెల్లమూ పులియబెట్టి ప్రోబయోటిక్ కలిపి చల్లుతారు. మంచి బాక్టీరియా నిండితే జబ్బు తెచ్చే విబ్రియో బాక్టీరియాకి చోటుండదన్న లెక్క మీకు కొట్టిన పిండి. అదే రైతు నా దగ్గరికొచ్చి ‘ఆర్నెల్ల నుంచీ కడుపు బాలేదండీ, గ్యాసు మాత్రేసుకుంటున్నా’ అంటాడు. రొయ్యకైతే ఆరు గంటలు ఆగడండి!

మన చిన్నపేగు సుమారు ఆరు మీటర్లు, పెద్దపేగు మీటరున్నర. సూక్ష్మజీవుల జనాభా అంతా దాదాపు ఆ మీటరున్నరలోనే. ఒక మనిషి ఒంట్లో 38 లక్షల కోట్ల బాక్టీరియా ఉంటుందని 2016లో లెక్కగట్టారు. మన సొంత కణాలు 30 లక్షల కోట్లే! మనం అరిగించుకోలేని పీచే వాటికి భోజనం. దాన్ని పులియబెట్టి బ్యుటిరేట్ అనే ఆమ్లం తయారుచేస్తాయి. పెద్దపేగు గోడలోని కణాలు ముఖ్యంగా బతికేది దాని మీదే. మరి పీచు పెట్టకపోతే? గోడకి కాపలాగా ఉండే జిగురుపొరనే తినేస్తాయని ఎలుకల మీద ప్రయోగాల్లో తేలింది.

ఇక్కడే నాకు ఒళ్ళు మండుతుంది. ధాన్యం ఆడించి, తవుడంతా గేదెకీ చేపకీ రొయ్యకీ పెట్టేసి, మల్లెపువ్వులాంటి అన్నం మాత్రం మనం తింటాం. రోజూ దంపుడు బియ్యం తినమని చెప్పనండి. చెప్పినా మీరు తినరు, మా ఇంట్లో నేనూ వారం కంటే నెగ్గుకురాలేకపోయాను. కానీ కంద బచ్చలికూర, పనసపొట్టు, అరటిదూట, కాస్త ముద్దపప్పు... ఇవెక్కడికి పోయాయి? పనసపొట్టు కూర పెళ్ళి భోజనంలో తప్ప కనబడట్లేదు. చద్దన్నం సంగతంటారా, వండి చల్లారిన అన్నంలో కొంత పిండిపదార్థం చిన్నపేగులో అరక్కుండా పెద్దపేగు దాకా దిగుతుంది. తరవాణి కుండలో పులుపు లాక్టిక్ బాక్టీరియాది. మంచిదే. అలాగని వాట్సాప్‌లో చూసి సుగరున్నవాళ్ళు రెండు గిన్నెలు లాగించకండి. చద్దిదైనా అన్నం అన్నమేనండీ.

కడుపు బాగుంటే మనసు బాగుంటుందా? కొంత నిజమే. పేగుల నుంచి మెదడుకి వేగస్ అనే నరం ఉంది. దాని పోగుల్లో ఎక్కువభాగం కింది కబుర్లు పైకి మోసేవే. మనసు తీరుతో ముడిపడ్డ సెరటోనిన్ అనే రసాయనం 90 శాతం దాకా పేగుల్లోనే తయారవుతుంది. అయితే అది నేరుగా మెదడులోకి వెళ్ళలేదు. అందుకని పెరుగు తింటే దిగులు పోతుందని ఎవరైనా సీసా అమ్మితే కొనకండి. పేగులు కడిగే డీటాక్స్ పొడులూ అంతే.

ఇప్పుడు మన ఊరి మనిషి కథ. శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో భీమవరంలోనే పుట్టారు. స్ప్రూ అని ఒక పేగుల జబ్బు. తిన్నది ఒంటికి పట్టదు, విరేచనాలతో మనిషి రక్తం లేక పాలిపోయి చిక్కిపోతాడు. ఆ జబ్బు ఆయన తోబుట్టువులిద్దర్ని కొద్దిరోజుల తేడాలో పొట్టనపెట్టుకుంది. ఆయన్నీ పట్టుకుంటే ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద వైద్యంతో గట్టెక్కారు. తర్వాత అమెరికా వెళ్ళి, 1940లలో లెడర్లీ అనే మందుల కంపెనీ ప్రయోగశాలలో తన బృందంతో ఫోలిక్ ఆమ్లం అనే విటమిన్‌ని తయారుచేశారు. స్ప్రూ రోగికి రక్తం తిరిగి పట్టించేది అదే! ఆయన అజమాయిషీలోనే అక్కడ ఆరియోమైసిన్ కూడా వచ్చింది, టెట్రాసైక్లిన్ అనే రకం యాంటీబయోటిక్ మందుల్లో మొదటిది. స్ప్రూకి ఈనాటికీ ఇచ్చేది ఫోలిక్ ఆమ్లం, దాంతోపాటు టెట్రాసైక్లిన్.

అంటే యాంటీబయోటిక్ శత్రువు కాదు. జలుబుకి, వైరల్ జ్వరానికి మందుల షాపులో ‘మూడు రోజుల కోర్సు ఇవ్వండి’ అని అడిగి తెచ్చుకోవడంతోనే తంటా. వైరస్‌కి ఏమీ కాదు, చచ్చేది పేగుల్లో కాపురమున్న మంచి బాక్టీరియా. చెరువులో మందెక్కువైతే పంట మొత్తం ఓడలెక్కకుండా వెనక్కొస్తుందని మీకు భయం. ఇంట్లో పిల్లాడి విషయంలో ఆ భయమేదీ?

ఇంకొక్క మాట. మన జిల్లాల్లో గుండె నొప్పికి కూడా ‘గ్యాసే’ అనే పేరు. మాత్రేసుకుని, సోడా తాగి, తెల్లారేదాకా ఆగి వచ్చినవాళ్ళని చాలామందిని చూశాను. కొందరు రాలేదు కూడా. ఛాతీ పట్టేసి చెమట పడితే, నొప్పి చేతికో దవడకో పాకితే, ఈసీజీ, డాక్టరు చెప్పే పరీక్షలూ అయ్యాకే అది గ్యాసో కాదో తేలేది. అలాగే విరేచనంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, యాభై దాటాక దొడ్డికెళ్ళే తీరు మారడం. వీటికి చిట్కాలొద్దు, పరీక్షే.

టీ వచ్చినట్టుంది. ప్రశ్నలుంటే అడగండి. నలుగురిలో సిగ్గనుకుంటే చీటీ మీద రాసి పంపండి. ఆ వెనక కుర్చీలో బాబాయిగారు ఇందాకటి నుంచి చెయ్యెత్తే ఉంచారు, మీరే మొదలెట్టండి బాబాయిగారూ.