నీది ఏ హౌస్? ప్రైమరీ స్కూల్ పిల్లలకు హౌస్ ఏమిస్తుంది

(స్క్రీన్ మీద: స్కూల్ గ్రౌండ్. నాలుగు రంగుల టీషర్టుల్లో నాలుగు వరుసలు. మార్చ్ పాస్ట్ డ్రమ్ చప్పుడు.)

వాయిస్:
స్కూల్లో చేరి నెల కూడా కాని పిల్లను అడిగి చూడండి, "నీది ఏ హౌస్ అమ్మా?" అని. "రెడ్!" అని టక్కున చెబుతుంది. ఆ గొంతులో ఒక గట్టిదనం ఉంటుంది. అది ఎక్కడి నుంచి వస్తుందో, ఎప్పుడు పోతుందో ఈ వీడియోలో చూద్దాం.

హౌస్ అంటే అన్ని తరగతుల పిల్లల్నీ కలిపి స్కూల్ చేసే జట్టు. ఈ పద్ధతి ఇంగ్లండ్ బోర్డింగ్ స్కూళ్లలో మొదలైంది. అక్కడ పిల్లలు నిజంగానే వేర్వేరు ఇళ్లలో ఉండేవాళ్లు, ఒక్కో ఇంటికి ఒక హౌస్ మాస్టర్. రాత్రి జ్వరం వస్తే ఎవరిని లేపాలో పిల్లవాడికి తెలిసేది. తర్వాత రోజూ ఇంటికెళ్లే పిల్లల స్కూళ్లు కూడా హౌస్‌లు పెట్టుకున్నాయి. ఇల్లు లేదు కాబట్టి రంగు, కప్పు, స్కోర్ బోర్డు మిగిలాయి.

(స్క్రీన్ మీద: శివాజీ, టాగోర్, అశోక, రామన్.)

మన దగ్గర కేంద్రీయ విద్యాలయాలు 1963లో మొదలయ్యాయి, ముఖ్యంగా బదిలీలయ్యే ఉద్యోగుల పిల్లల కోసం. చాలా కేవీల్లో హౌస్‌ల పేర్లు ఈ నాలుగే. నాన్నకు విశాఖ నుంచి సికింద్రాబాద్‌కు ట్రాన్స్‌ఫర్ అయింది. పిల్లకు ఊరు కొత్త, టీచర్ కొత్త, పక్క బెంచీ కొత్త. కానీ అసెంబ్లీలో వినపడే ఆ నాలుగు పేర్లు మాత్రం తెలిసినవే. ఏడేళ్ల పిల్లకు అది చిన్న ఊరట కాదు.

ఇంకో సంగతి. తరగతి అంటే ఒకే వయసు పిల్లలు. ఒకటో తరగతి బాబుకు ఐదో తరగతి అక్క పరిచయమయ్యే దారి మామూలుగా ఉండదు. హౌస్ ఆ దారి వేస్తుంది. వరుసలో నిలబెట్టి షూ లేసు కట్టే అక్క, వాటర్ బాటిల్ మర్చిపోతే తనది ఇచ్చే అన్న దొరుకుతారు. ఇంట్లో ఒక్కరే పెరిగే పిల్లలకు ఇది మరీ అవసరం.

(స్క్రీన్ మీద: అసెంబ్లీ. మైకు ముందు ఒక చిన్న పాప.)

హౌస్‌కు వారం వారం అసెంబ్లీ డ్యూటీ వస్తుంది. ఒకరు వార్తలు చదవాలి, ఒకరు ప్రతిజ్ఞ చెప్పించాలి. ఆ ప్రతిజ్ఞ రాసింది మన నల్గొండ జిల్లాకు చెందిన పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు, 1962లో, విశాఖలో ఉన్నప్పుడు. క్లాసులో నోరు విప్పని పాప తన హౌస్ వంతు వచ్చిన రోజు మైకు పట్టుకుని ఆ మాటలు చెప్పిందంటే, ఆ స్కూల్ ఇక తనది. నేను గట్టిగా నమ్మేది ఇదే: పాయింట్ల కన్నా, చేతికొచ్చిన పని పిల్లల్ని స్కూలుకు దగ్గర చేస్తుంది.

మరి పోటీ? 1954లో అమెరికాలోని ఓక్లహోమాలో ముజఫర్ షెరిఫ్ అనే మనస్తత్వవేత్త పదకొండేళ్ల వయసున్న 22 మంది అబ్బాయిలను క్యాంపులో రెండు జట్లు చేశారు. బహుమతుల కోసం పోటీలు పెట్టగానే తిట్లు, జెండాలు తగలబెట్టడం, గదుల మీద దాడులు మొదలయ్యాయి. కలిపి భోజనం పెడితే అక్కడా గొడవే. చివరికి వాళ్లను కలిపింది పని. మంచినీళ్లు ఆగిపోతే అందరూ కలిసి కారణం వెతికారు. మొరాయించిన ట్రక్కును అందరూ కలిసి తాడుతో లాగారు.

మన స్కూళ్లలో అంత దూరం వెళ్లకపోవచ్చు. కానీ "నీ వల్ల మన హౌస్‌కి ఐదు పాయింట్లు పోయాయి" అనే మాట ఆరేళ్ల పిల్లాడి మీద ఎంత బరువో ఆలోచించండి. వాడు లేటుగా వచ్చింది ఆటో రాకపోవడం వల్ల. ప్రైమరీలో పాయింట్లు కలపాలే కానీ తీసేయకూడదు. మార్కులు చూసి హౌస్‌లు వేయకూడదు, చీటీలు తీయాలి. మధ్యలో చేరిన పిల్లలకు అదే హౌస్‌లో ఒక పెద్ద పిల్లను మొదటి రోజే జత చేయాలి. స్పోర్ట్స్ డే తర్వాత నాలుగు హౌస్‌లూ కలిసి చేసే పని ఒకటి ఉండాలి, స్కూల్ తోటయినా సరే.

(స్క్రీన్ మీద: పేరెంట్ టీచర్ మీటింగ్.)

తల్లిదండ్రులకు ఒక మాట. ఈసారి మీటింగ్‌కు వెళ్లినప్పుడు మార్కులతో పాటు ఇది కూడా అడగండి: "టీచర్ గారూ, మా బాబు వాళ్ల హౌస్‌లో ఏం పని చేస్తున్నాడు?" ఏమీ లేదంటే, బులెటిన్ బోర్డుకు పిన్నులు అందించే పనైనా ఇమ్మని అడగండి.