మ్యాప్ లేని టేబుల్, తెగని గొడవ

స్వాతి: రికార్డ్ అవుతోందా? ఎర్ర లైటు చూడన్నా, పోయినసారిలా నలభై నిమిషాలు గాలికి మాట్లాడలేను.

కిరణ్: అవుతోంది. బెంగళూరు నుంచి మళ్లీ మేమే. ఇవాళ మ్యాపుల సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లో పైథాన్ స్క్రిప్టుతో డేటాబేస్‌ని అడిగిన ప్రశ్న, అదే క్వెరీ, ఫలితాన్ని టేబుల్‌గా తెచ్చుకోవడం. జామెట్రీ, అంటే మ్యాప్ మీద గీసే ఆకారం, ఉండదు, ఉత్త వరసలూ గడులూ. డేటాసోర్స్ యూఆర్ఐ ఆబ్జెక్టుకి కనెక్షన్ వివరాలిచ్చి, టేబుల్ పేరు రాయాల్సిన చోట బ్రాకెట్లలో క్వెరీ పెట్టి, జామెట్రీ కాలమ్ దగ్గర నన్ అని రాసి, చివర్లో ఒక్కో వరసనీ వేరుగా గుర్తుపట్టే కీ కాలమ్ చెప్తే చాలు. ఎపిసోడ్ అయిపోయింది.

స్వాతి: కీ కాలమ్‌కి ఏమిస్తావు?

కిరణ్: రో నంబర్, అంటే వచ్చిన వరసలకి వరసగా వేసే ఒకటి, రెండు, మూడు.

స్వాతి: మొదలెట్టావా! రోడ్డు గుంతల ఫిర్యాదుల టేబుల్ గుర్తుందా? నేను వైట్‌ఫీల్డ్ గుంత మీద క్లిక్ చేస్తే హెబ్బాళ మురుగు కాలువ ఫామ్ తెరుచుకుంది. దానికే "పరిష్కారమైంది" అని టిక్ పెట్టేశాను కూడా.

కిరణ్: అప్పుడు వరసల్ని క్రమంలో పెట్టే ఆర్డర్ బై మర్చిపోయాను, ఒప్పుకున్నా కదా.

స్వాతి: మన డేటాబేస్ పోస్ట్‌గ్రెస్‌లో ఒక వరసని అప్‌డేట్ చేస్తే పాతదాన్ని అక్కడే దిద్దదు, కొత్త కాపీ ఇంకోచోట రాస్తుంది. రిఫ్రెష్ కొట్టగానే నీ 12వ వరస కాస్తా 11 అవుతుంది. ఆర్డర్ బై పెట్టినా, మధ్యలో ఒక కొత్త ఫిర్యాదు దూరిందంటే కింద ఉన్నవాటికన్నిటికీ నంబర్లు మారతాయి. అసలు టేబుల్‌లో ఫిర్యాదు ఐడీ ఉంది కదన్నా, అదివ్వడానికి ఏం రోగం?

కిరణ్: గ్రూప్ బై చేసి ఫిర్యాదుల్ని గుంపులుగా లెక్కేస్తే విడి ఐడీ ఎక్కడుంటుంది తల్లీ?

స్వాతి: దేని మీద గ్రూప్ చేశావో అదే కీ. వార్డు నంబర్.

కిరణ్: ఏ వార్డు నంబర్? బెంగళూరు పాత 198 వార్డుల లెక్కా, 2022లో గీసిన 243 లెక్కా, 2023లో మళ్లీ గీసిన 225 లెక్కా? ఇప్పుడేమో నగరాన్నే ఐదు కార్పొరేషన్లు చేశారు...

స్వాతి: వచ్చేసింది. శ్రోతలూ, ఇవాళ కూడా వార్డుల గోల ఎత్తుతాడని కట్టిన ఇడ్లీ పందెం నేను గెలిచాను.

కిరణ్: నవ్వకు. ఒకటో వార్డు అంటే ఏ ఒకటి? జనాభా టేబుల్‌ని వార్డు నంబర్‌తో కలిపితే, వార్డులు వేరైనా ఎర్రర్ కూడా రాదు, తప్పు జనాభా చక్కగా పక్క వీధికి అంటుకుని కూర్చుంటుంది. దానికన్నా నా రో నంబర్ నయం, కనీసం అది అబద్ధమని అందరికీ తెలుసు.

స్వాతి: ...అది మాత్రం నిజమే. సరే, వార్డు నంబర్‌తో పాటు అది ఏ ఏడాది గీసిన వార్డో చెప్పే ఇంకో కాలమ్ పెట్టి, రెండూ కలిపి కీ చెయ్యి. మెటీరియలైజ్డ్ వ్యూగా, అంటే క్వెరీ ఫలితాన్ని డేటాబేస్‌లోనే దాచి, పెట్టుకుంటే రిఫ్రెష్ చేసేదాకా వరసలు కదలవు కూడా.

కిరణ్: వ్యూ చెయ్యడానికి మనకి పర్మిషన్ ఎవరిస్తారు? ఆ డేటాబేస్ అబ్బాయిని అడిగితే మూడు వారాలు...

స్వాతి: అతన్నేం అనకు, మొన్న రాత్రి పదకొండింటికి లేచి బ్యాకప్ తెచ్చిపెట్టాడు.

కిరణ్: అవునులే. పాపం. ఇంతకీ ఇంకో మ్యాపుల సాఫ్ట్‌వేర్ ఆర్క్‌జీఐఎస్ ప్రో వాడేవాళ్లకీ ఒక మాట, అక్కడ క్వెరీ లేయర్‌లో షేప్, అదే జామెట్రీ, కాలమ్ లేకపోతే అదే స్టాండలోన్ టేబుల్‌గా వస్తుంది, కానీ యూనిక్ ఐడీ ఫీల్డు అక్కడా అడుగుతుంది, అక్కడా వార్డులు...

స్వాతి: అన్నా, కింద ట్యాంకర్ హారన్. మోటర్ నువ్వేస్తావా, నేనెయ్యాలా?

కిరణ్: నువ్వే వెళ్లు, నేను సేవ్ చే...