పొట్ట కింది గోళం నుంచి కాక్‌పిట్ దాకా: ఆర్చిబాల్డ్ మాథీస్

సభకు నమస్కారం.

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా వాడిన బీ-17 బాంబర్ విమానం పొట్ట కింద ఒక గోళం వేలాడుతూ కనిపిస్తుంది. దాని అడ్డుకొలత సుమారు 44 అంగుళాలు. మన పెళ్ళింటి గంగాళం కంటే కాస్త పెద్దది, అంతే. దాన్నే బాల్ టరెట్ అంటారు. గన్నర్ అందులో మోకాళ్ళు ముడుచుకుని వెల్లకిలా ఒదిగి కూర్చుంటాడు. రెండు పక్కలా రెండు .50 క్యాలిబర్ బ్రౌనింగ్ మెషిన్ గన్లు ఉంటాయి. గురి చూడాలంటే తన రెండు పాదాల మధ్య నుంచే చూడాలి. తుపాకులు నిటారుగా నేలకేసి తిరిగితే తప్ప తలుపు విమానం లోపలివైపు రాదు. పారాచూట్ తగిలించుకుంటే ఆ గోళంలో చోటు చాలదు కాబట్టి మామూలుగా దాన్ని పైనే వదిలేసి దిగేవారు. అంటే దూకాల్సి వస్తే ముందు టరెట్ తిప్పాలి, పైకెక్కాలి, పారాచూట్ తగిలించుకోవాలి, ఆ తర్వాతే దూకాలి.

ఆర్చిబాల్డ్ మాథీస్ ఉద్యోగం ఆ గోళంలోనే. 1918లో స్కాట్లండ్‌లోని స్టోన్‌హౌస్‌లో పుట్టాడు. చిన్నప్పుడే కుటుంబం అమెరికాలోని పెన్సిల్వేనియాకు వలస వెళ్ళింది. చదువయ్యాక బొగ్గుగనిలో పనిచేశాడు. 1940 డిసెంబరు చివర్లో సైన్యంలో చేరి, విమాన మెకానిక్ పనీ ఆ తర్వాత గన్నరీ నేర్చుకున్నాడు. ఇంగ్లండ్‌లో పోలెబ్రూక్ స్థావరంలోని 351వ బాంబ్ గ్రూప్‌కు వచ్చాడు. (సినిమా నటుడు క్లార్క్ గేబుల్ 1943లో ఉన్నదీ ఈ గ్రూప్‌లోనే.) 1944 ఫిబ్రవరి 20 ఆయనకు రెండో యుద్ధయాత్ర మాత్రమే.

ఆ రోజు 'బిగ్ వీక్' అనే వారం రోజుల వైమానిక దాడుల వరస మొదలైంది. వెయ్యి దాకా బాంబర్లు జర్మన్ విమాన కర్మాగారాల మీదికి బయల్దేరాయి. మాథీస్ ఉన్న 'టెన్ హార్స్‌పవర్' అనే బాంబర్ గమ్యం జర్మనీలోని లైప్‌జిగ్. శత్రు ఫైటర్లు విరుచుకుపడ్డాయి. కోపైలట్ బార్ట్లీ అక్కడికక్కడే చనిపోయాడు. పైలట్ నెల్సన్ తీవ్రంగా గాయపడి స్పృహ కోల్పోయాడు. రేడియో ఆపరేటర్‌కూ గాయాలయ్యాయి. నడిపేవాళ్ళు లేని విమానం కిందికి పడిపోతుంటే మాథీస్, మిగిలిన సిబ్బంది కాక్‌పిట్‌లోకి చేరి దాన్ని నిలబెట్టారు. పగిలిన ముందు అద్దంలోంచి శీతాకాలపు గాలి మొహానికే కొడుతోంది. ఒక్కడే ఎక్కువసేపు తట్టుకోలేడు. వంతులవారీగా నడిపారు. లైప్‌జిగ్ నుంచి పోలెబ్రూక్‌కు దగ్గర దగ్గర 550 మైళ్ళు. నావిగేటర్ వాల్టర్ ట్రూంపర్ దారి చూపించాడు.

అంత దూరం తెచ్చినవాళ్ళకు దించడం ఎందుకంత కష్టమని అడగవచ్చు. తిన్నగా పోయే విమానానికి దారి తప్పకుండా, ఎత్తు పడిపోకుండా చూసుకుంటే గడిచిపోతుంది. చిన్న తప్పు చేస్తే దిద్దుకోవడానికి కింద వేల అడుగుల ఖాళీ ఉంటుంది. దించేటప్పుడు ఆ వెసులుబాటు ఉండదు. చక్రాలు దించాలి. ఫ్లాప్స్ (రెక్కల వెనక కిందికి వంగే పలకలు) వేయాలంటే వేగం గంటకు 147 మైళ్ళ లోపుకి రావాలి. ఫ్లాప్స్ పడగానే ముక్కు ఎత్తు మారుతుంది, అప్పుడు ట్రిమ్ (ముక్కును కావలసిన ఎత్తులో నిలిపే సర్దుబాటు) సరిచేయాలి. నాలుగు ఇంజన్ల థ్రాటిల్స్ (శక్తిని పెంచి తగ్గించే మీటలు) ఒక చేత్తో, స్టీరింగ్ ఇంకో చేత్తో. వేగం మరీ తగ్గితే రెక్కలు పట్టు వదిలేస్తాయి, ఎక్కువైతే విమానం నేల ఆనకుండా రన్‌వే దాటి తేలిపోతుంది. ముక్కు ఎక్కువ వంచి వస్తున్నామో తక్కువ వంచి వస్తున్నామో కంటితో పోల్చుకోవడం పదుల సార్లు దించితేగాని అలవాటు కాదు. పైగా బీ-17కు చిన్న చక్రం తోక కింద ఉంటుంది, నేల తాకాక కూడా పక్కకు లాగేస్తుంది. ఇదంతా, ఒంట్లో శక్తి మిగలని మనుషులతో, దెబ్బతిన్న విమానంతో.

పోలెబ్రూక్ మీదికి వచ్చాక కంట్రోల్ టవర్‌కు పరిస్థితి చెప్పారు. మాథీస్, ట్రూంపర్ తామే దించుతామన్నారు. మిగిలినవారిని దూకమన్నారు, వాళ్ళు పారాచూట్లతో దిగిపోయారు. కమాండింగ్ అధికారి ఇంకో విమానంలో ఎగిరి వీళ్ళ తీరు గమనించాడు. అనుభవం లేని ఈ ఇద్దరివల్ల కాదని, వదిలేసి దూకమని ఆజ్ఞాపించాడు. నా దృష్టిలో ఆ లెక్క తప్పు కాదు. ఆయన ముందున్నవి రెండు ప్రాణాలు, దాదాపు ఖాయంగా కూలిపోబోయే ఒక విమానం. మాథీస్, ట్రూంపర్‌ల నుంచి వచ్చిన జవాబు ఇంకో లెక్కది: పైలట్ ఇంకా బతికే ఉన్నాడు, కదల్చలేం, వదిలి రాలేం. దాంతో దించడానికి ప్రయత్నించమన్నారు.

మొదటి రెండు ప్రయత్నాలూ విఫలమయ్యాయి. మూడోసారి విమానం పొలంలో కూలింది. మాథీస్, ట్రూంపర్, నెల్సన్ ముగ్గురూ చనిపోయారు. మాథీస్ వయసు 25.

మాథీస్, ట్రూంపర్ ఇద్దరికీ మరణానంతరం అమెరికా అత్యున్నత సైనిక పురస్కారం మెడల్ ఆఫ్ ఆనర్ ఇచ్చారు. మాథీస్ ప్రశంసాపత్రంలో ఆయన పని 'ఇంజనీరు, బాల్ టరెట్ గన్నర్' అనే రాసి ఉంది.